రసగుల్లా డబ్బాలో అఖండదీపం

గాలి ఆర్పలేని దీపం కలకత్తా మొత్తానికి ఒక్కటే ఉంది. అది వాట్‌గంజ్ సందులో, మా మేడ మీది వాటాలో, దేవుడి గూట్లో ఉంది. దాని బర్నరు తయారుచేసింది నేను. పోయిన దసరాకి తొమ్మిది రోజులూ, పైన ఫ్యాను తిరుగుతుండగా, కింద దుర్గాపూజ పందిట్లో ఢాకులనే పెద్ద డోళ్లు మోగి గోడలు అదురుతుండగా, మనిషి చెయ్యి పడకుండా ఏకబిగిన వెలిగింది. భవానీపూర్ నుంచి కూడా జనం వచ్చి చూసి వెళ్లారు.

భవానీపూర్ నుంచి వచ్చిన జనం అంటే మా అమ్మాయి. అక్కడ బ్యాంకులో పనిచేస్తుంది. గ్యాస్ బండ తెచ్చినతను కూడా చూశాడు గానీ, అతను చూసింది బండ దించే చోటికి దగ్గర్లో మంట ఎందుకుందని. ఇంత మాత్రం ఇప్పుడే ఒప్పేసుకుంటున్నాను. మిగతావి వరసలో ఒప్పుకుంటాను. అన్నీ ఒకేసారి ఒప్పేసుకుంటే రాయడానికి ఏం మిగులుతుంది?

బర్నర్ల గురించి మాట్లాడే అర్హత నాకెక్కడిదని అడుగుతారేమో. వయసులో ఉండగా నేను ఓడలు ఆగే డాకులో దీపాల మనిషిని. నేను పట్టుకున్న దీపం చూసుకునే ఓడలు ఖిదిర్‌పూర్ డాకులోకి మలుపు తిరిగేవని మా అమ్మాయికి చిన్నప్పుడు చెప్పేవాణ్ణి. అది నమ్మి బడిలో కూడా చెప్పింది. నిజానికి డాకు లోపల గూడ్సు పట్టాల దగ్గర ఊపే చేతి లాంతర్లని తుడిచి, వత్తి కత్తిరించి, నూనె పోసి వరసగా పెట్టడం నా పని. వాటిని చూసి ఆగినవి గోనె బస్తాల వ్యాగన్లు. ఓడలకి నా ఊసే తెలియదు. తర్వాత కరెంటు దీపాలొచ్చి నన్ను ఫిట్టరుకి సాయంగా వేశారు. ఆ సంగతి మా అమ్మాయికి పెళ్లయ్యాక గానీ చెప్పలేదు.

ఇంతకీ దీపం నాది కాదు, మా ఆవిడది. ఇంకా చెప్పాలంటే మా అత్తది. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి మా మామ డాకు కూలికి వస్తే, వెనకాల మా అత్త ఒక ఇత్తడి కుంది పట్టుకుని వచ్చింది. వచ్చిన ఏడాది దసరాకి ఈ గదిలోనే అఖండదీపం పెట్టింది. అంటే పాడ్యమి నాడు వెలిగిస్తే నవమి వెళ్లేదాకా వెలుగుతూనే ఉండాలి. మధ్యలో కొండెక్కకూడదు. మా ఇంట్లో ఆరిపోయింది అనే మాట దీపం దగ్గర వాడరు. మా అత్త ఉన్నన్నాళ్లూ ఆవిడ కాపలా కాసింది, తర్వాత మా ఆవిడ. కాపలా అంటే దీపం ముందు చాప వేసుకుని కూర్చోవడం, నూనె పోయడం, వత్తి ఎగదోయడం, కళ్లు మూతలు పడితే నీళ్లు చల్లుకోవడం. చుట్టూ బెంగాలీలు కొత్త బట్టలు కట్టుకుని పందిళ్ల వెంట తిరుగుతుంటే, ఈవిడ గూటికేసి చూస్తూ కూర్చుంటుంది.

అంతకు ముందు ఏడాది సప్తమి పొద్దున్న, అలా కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది. బీపీ. డాక్టరు బాబు రాసిచ్చిన మందుల కంటే ఎక్కువగా చెప్పింది ఒక్కటే, వేళకి నిద్రపోవాలని. మా అమ్మాయి ఆ మాట పట్టుకుంది. పోయిన దసరాకి నెల ముందే వచ్చి కూర్చుంది.

"మా, ఈసారి అఖండం వద్దు. బ్యాటరీ దీపాలు వచ్చాయి. అచ్చం మంటలాగే ఊగుతాయి. న్యూమార్కెట్‌లో చూశాను."

"బల్బుకి దండం ఎట్టమంటావేటే?" అంది మా ఆవిడ.

"మరి నువ్వు తొంగోవు కదా! పోయినేడు ఏమయింది?"

"నాను తొంగుంటే దీపాన్నెవులు సూస్తారు?"

"నాను సూస్తాను" అన్నాను.

తల్లీ కూతుళ్లు ఒక్కసారే నవ్వారు. వాళ్లిద్దరూ ఏకమైన విషయం ఆ ఏడాదిలో అదొక్కటే. "నువ్వా బాబా? టీవీలో వార్తలు మొదలవకుండానే గురక మొదలవుతుంది నీది" అంది అమ్మాయి. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే కాబట్టి అమ్మని మా అనీ, నాన్నని బాబా అనీ అంటుంది.

నాకు పౌరుషం వచ్చింది. "అయితే ఎవులూ సూడక్కర్లేని దీపం సేస్తాను. నూనె అదే తాగతాది. గాలొస్తే అదే కాసుకుంటాది. మీ అమ్మ కాళ్లు సాపుకుని తొంగోవచ్చు."

అమ్మాయి బ్యాంకు మనిషి. షరతు లేకుండా దేనికీ ఒప్పుకోదు. "సరే. అమ్మ వేళకి పడుకోవాలి. దీపం ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కొండెక్కిందా, వచ్చే ఏడాది నుంచి అఖండం లేదు. అందరిలాగే పొద్దునా సాయంత్రం పెట్టుకోవడమే. ఒప్పుకుంటారా?"

మా ఆవిడ గూటికేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది. రెండో చూపులో నమ్మకం పెద్దగా కనిపించలేదు.

"ఆ బర్నరు నువ్వే సెయ్యాలా మావా? సేతయినోళ్లు ఇంకెవులూ లేరేటి?"

లేరు. అందుకని ఒప్పుకుంది. ఒప్పుకుని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. అప్పుడు నాకు తట్టింది, నోటి దురదకొద్దీ మా అత్త కుందిని తీసి నా చేతుల్లో పెట్టుకున్నానని.

మొదటి ప్రయత్నం అందరికీ తోచేదే. అటక మీద మా అత్త కాలంనాటి లాంతరు ఒకటి మసిపట్టి పడుంది. దాని మూతి, అంటే వత్తిని పైకీ కిందికీ తిప్పే చక్రం ఉన్న బర్నరు, విప్పి ఒక ఇత్తడి చెంబుకి బిగించి, చెంబులో నువ్వుల నూనె పోసి వెలిగించాను. ఏం వెలుగు! కింద వాటా బెంగాలీ దాదాని పిలుచుకొచ్చి చూపించాను. ఆయన చూస్తుండగానే మంట బఠాణీ గింజంత అయింది. మెట్లు దిగి ఇంటికి చేరేలోగా అదీ లేదు.

కారణం తర్వాత తెలిసింది. కిరసనాయిలు వత్తిని పట్టుకుని కోతిలా పైకి పాకుతుంది. నువ్వుల నూనె మా ఆవిడ మేడమెట్లు ఎక్కినట్టు ఎక్కుతుంది. మధ్యలో ఆగుతుంది, మోకాలు పట్టుకుంటుంది, సగం దూరం వచ్చాక ఇంక నావల్ల కాదంటుంది. కిరసనాయిలు కోసం చేసిన బర్నరులో వత్తి వెంట నూనె జానెడు ఎక్కాలి. ఇంతకాలం లాంతర్లు తుడిచి నాకు ఈ మాత్రం తోచలేదు.

"నా లాంతరు పాడు సేసీసినావు" అంది మా ఆవిడ. "దాని మూతి దానికెట్టీయ్. ఎలగున్నదాన్ని అలగ ఇయ్యి. మా అమ్మది అది."

ఆ పూటంతా దాని శిక్ష అనుభవించాను. మూతిని చాకలిసోడా నీళ్లలో ఉడకబెట్టి, చిల్లుల్లో మసిని గుండుసూదితో తీసి, కొత్త వత్తి ఎక్కించి, చివర తిన్నగా కోసి రెండు మూలలూ కాస్త గుండ్రంగా కత్తిరించి, గ్లాసుని బూడిదతోనూ పాత పేపరుతోనూ తుడిచి ఇచ్చాను. డాకులో రోజూ చేసిన పనే. అందులో చెప్పుకోదగ్గది ఏమీ లేదు కాబట్టి అసలు విషయానికి వస్తాను.

రెండో ప్రయత్నానికి ఉపాయం అమ్మవారే కలలో చెప్పింది. ఎర్రచీర కట్టుకుని వచ్చి, చేతిలో కలశం తలకిందులుగా పట్టుకుని చిరునవ్వు నవ్వింది. అంతే, లేచి కూర్చున్నాను. నూనె పైకి ఎక్కలేకపోతే నూనెనే వత్తి దగ్గరికి తెచ్చిపెట్టాలి! సీసాని బోర్లించి చిన్న పళ్లెంలో పెడితే, పళ్లెంలో ఎంత తగ్గితే అంత దిగుతుంది. ఎప్పుడు చూసినా మట్టం ఒకటే.

ఈ కల కథ మా సందులో తెలుగువాళ్లందరికీ చెప్పాను. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు చెంపలు కూడా వేసుకున్నారు. అసలు జరిగిందేమిటంటే, కింది వాటా దాదా బద్రీ పిట్టలు పెంచుతాడు. పచ్చవీ నీలంవీ, అరచేతిలో పట్టేంతవి. వాటి పంజరంలో నీళ్ల సీసా బోర్లించి ఉంటుంది. ఆయన బజారుకి వెళ్లినప్పుడు నేను దాన్ని ఎంతసేపు చూశానంటే, చివరికి అది నా సంచిలోకి వచ్చేసింది.

సాయంత్రం కింద నుంచి కేకలు. మా సందులో అందరం బంగ్లానే మాట్లాడతాం. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"నా పిట్టల నీళ్ల సీసా ఎవడు తీశాడు? పాపం గొంతెండి కూర్చున్నాయి!"

"పిల్లి అయ్యుంటుంది దాదా" అన్నాను మేడ మీద నుంచి.

"పిల్లి పిట్టల్ని వదిలేసి సీసా పట్టుకుపోయిందా? ఏ డాకులో పనిచేసిన పిల్లి అది?"

పైకి వచ్చి చూశాడు. సీసా గూట్లో బోర్లించి ఉంది, నిండా నూనెతో. తిడతాడనుకున్నాను. చాలాసేపు వంగి చూసి, "సీసా నాది కాబట్టి కనిపెట్టడంలో సగం నాది" అన్నాడు. ఆ రోజు నుంచీ పంచాయతీ పెద్ద కూడా ఆయనే. దీపం కొండెక్కిందా లేదా అని నవమి వెళ్లాక మా అమ్మాయికి చెప్పవలసిన సాక్షి.

సీసా బాగానే పనిచేసింది. మరీ బాగా పనిచేసింది. దీపం పక్కనే ఉన్న సీసా వేడెక్కి, లోపలి గాలి ఉబ్బి, నూనెనంతా ఒకేసారి కిందికి తోసేసింది. గూడు నిండి, గూడు కింద డ్రమ్ములోని బియ్యం నిండా నువ్వుల నూనె. వారంపాటు మా ఇంట్లో అన్నం ఏ కూరతో తిన్నా పులిహోర వాసనే.

అందుకని సీసాని మంటకి దూరంగా జరిపి, దాని పళ్లెం నుంచి మా అత్త కుందిలోకి సన్నటి రాగి గొట్టం వేశాను. ఓడలు విప్పిన పాత సామాను అమ్మే దుకాణాలు మా చుట్టుపక్కల బోలెడు. గొట్టం అక్కడ దొరికింది. వత్తి పక్కనే చిన్న రాగితీగ నిలబెట్టాను. అది మంటలో కాలి ఆ వేడిని నూనెలోకి దింపుతుంది. నూనె పలచబడి వత్తిలోకి సులువుగా ఎక్కుతుంది. ఈ తీగ ఉపాయం మాత్రం నాదే. పిట్టలు గానీ అమ్మవారు గానీ చెప్పలేదు. ఒట్టు.

వత్తి కోసం ఆటోలో మెటియాబ్రుజ్ వెళ్లాను. అక్కడ ఇంటింటా కుట్టుమిషన్లే కాబట్టి గుడ్డపీలికలు బస్తాల్లో దొరుకుతాయి. తెల్లగా మెత్తగా ఉన్నది చూసి తెచ్చి వత్తి చేశాను. అది నూలు కాదు. వెలిగించగానే కరిగి, చుక్కలు చుక్కలుగా కారి, కాలిన దువ్వెన కంపు కొట్టింది. మా ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "దేవుడికి ధూపం కూడా నువ్వే ఏసీసినావన్నమాట" అంది. తర్వాత తన పాత నూలు చీర అంచు చింపి ఇచ్చింది.

ఇక మిగిలింది గాలి. మా గదిలో ఫ్యాను ఆపితే మనుషులు కొండెక్కుతారు. ఆశ్వయుజంలో కూడా కలకత్తా ఉక్క అలాంటిది. అందుకని దీపం చుట్టూ డబ్బా పెట్టాలనుకున్నాను. రసగుల్లా డబ్బా అయితే గుండ్రంగా, లోపల తళతళలాడుతూ, దీపానికి సరిగ్గా సరిపోతుంది. నాకు సుగరు. డబ్బా కావాలంటే ముందు అది ఖాళీ అవ్వాలి.

"దీపం కోసం రసగుల్లా తింటన్నావా, రసగుల్లా కోసం దీపం సేస్తన్నావా?" అని అడిగింది మా ఆవిడ.

అవునని తల ఊపాను. నోటినిండా రసగుల్లా ఉంది.

డబ్బాకి ముందువైపు కిటికీ కోసి గాజుముక్క అమర్చాను. దీపం లోపల పెట్టి మూత వేశాను. గాలి చొరబడే సందే లేదు. దాంతో మంట ఎర్రబడి, పొగ కమ్మి, మూత సందుల్లోంచి నల్లటి మసి తీగలు తీగలుగా లేచి, గూట్లో ఉన్న దుర్గమ్మ పటాన్ని నుదుటి నుంచి పాదాల దాకా కప్పేసింది. దాదా వచ్చి చూసి రెండు చేతులూ జోడించాడు. మా ఆవిడని ఆయన బౌది, అంటే వదిన, అంటాడు.

"బౌది, మీ ఇంట్లో ఎంత త్వరగా జరిగిపోతున్నాయో! ఇంకా దుర్గాపూజ మొదలవలేదు, అప్పుడే కాళీపూజ వచ్చేసింది."

మా ఆవిడ నవ్వలేదు. పటాన్ని దించి, తడిగుడ్డతో అమ్మవారి ముఖం తుడుస్తూ కూర్చుంది. పాడ్యమి ఇంకెన్నో రోజులు లేదు. "ఇది అవదు మావా" అంది, నాకేసి చూడకుండా. "పిల్లకి మాటిచ్చీసినాం. ఇది మొదటి రోజే కొండెక్కిపోతే మా అమ్మ ఎట్టిన దీపం నాతో ఆగిపోతాది. పోనీ, నాను తొంగోను. ఎప్పట్లాగే కూకుంటాను. పిల్లకి సెప్పకు."

అంతవరకు నాకు ఇదంతా సరదాగా ఉంది. ఆ మాటతో కాస్త తగ్గింది. మళ్లీ అక్కడే కూర్చుని పక్కకి ఒరిగితే? పోయినసారి ఒరిగినప్పుడు నేను పక్క గదిలో టీవీ చూస్తున్నాను.

డబ్బా అడుగున చుట్టూ మేకుతో చిల్లులు పొడిచాను. పొగ పోయింది, మంట తెల్లబడింది. కానీ ఫ్యాను గాలి ఆ చిల్లుల్లోంచే దూరి మంటని డాన్సు చేయించింది. అప్పుడు ఇంకో పెద్ద డబ్బా తెచ్చి, దీన్ని దాని లోపల పెట్టి, బయటి చిల్లులు లోపలి చిల్లులకి ఎదురుపడకుండా తిప్పాను. బయటి గాలి తిన్నగా దూసుకొచ్చి లోపలి గోడకి కొట్టుకుంటుంది, దారి వెతుక్కుంటూ చుట్టూ తిరుగుతుంది, చిల్లు దొరికేసరికి దాని పొగరు దిగిపోతుంది. వాట్‌గంజ్ సందుల్లో ఇల్లు వెతుక్కునే కొత్తవాడిలాగే. లోపలికి వచ్చాక ఎంత మర్యాదగా ఉందో! ఫ్యాను అయిదు మీద పెట్టినా మంట కదల్లేదు. రెండో డబ్బా రసగుల్లాల సంగతి మా ఆవిడ అడగలేదు. నేనూ చెప్పలేదు.

పాడ్యమి పొద్దున్న తలస్నానం చేసి మా ఆవిడే వెలిగించింది. కిటికీలోంచి మంట నిటారుగా, దానిమ్మ గింజలా కనిపించింది. ఫోటో తీసి మా అమ్మాయికి పంపి, దాదాకి చూపించడానికి కిందికి వెళ్లి వచ్చాను. వచ్చేసరికి వంటింటి కిటికీ మేకుకి అటక మీది లాంతరు వేలాడుతోంది, సన్నగా వెలుగుతూ.

"పట్టపగలు లాంతరేటే?"

"కరెంటు పోతేనో?"

"కరెంటు పోతే నా దీపం నేదేటి?"

"నీ దీపం డబ్బాలో కూకున్నాది. ఆ ఎలుగులో నాకు ఉప్పేదో పంచదారేదో తెలుస్తాదా?"

కరెంటు పోలేదు. ఆ తొమ్మిది రోజులూ పందిళ్ల కోసం మాకు కరెంటు పోదు. అయినా లాంతరు దించలేదు. నా బర్నరుని వెక్కిరించడానికే పెట్టిందనుకుని నేను ఇంక అటు చూడటం మానేశాను.

కానీ మా ఆవిడ నిద్రపోయింది! మొదటిరోజు కళ్లు తెరుచుకుని పడుకుంది. మూడో రోజుకి గురక పెట్టింది. ఏళ్ల తరబడి తిట్టుకున్న ఆ గురకని నేను కచేరీ విన్నట్టు విన్నాను. దాదా బీపీ మిషను తెచ్చి చూసి, "బౌది, నా కంటే మీదే బాగుంది" అన్నాడు. డబ్బా గురించి సందంతా చెప్పాను. మాట్లాడేవాళ్లు లేకపోతే పంజరం దగ్గర నిలబడి బద్రీ పిట్టలకి కూడా చెప్పాను. వాటికి అందులో వాటా ఉంది కదా.

అష్టమి మధ్యాహ్నం. పొద్దున్న పందిట్లో పుష్పాంజలి ఇచ్చి వచ్చి, మా ఆవిడ గూట్లో కూడా పూలు పెట్టి, ఇంత తిని, గోడవైపు తిరిగి పడుకుంది. కింద ఢాకులు ఆగకుండా మోగుతున్నాయి. నేను మంచినీళ్లకి లేచి గూటికేసి చూశాను.

డబ్బా కిటికీ నల్లగా ఉంది.

దగ్గరికి వెళ్లి మూత తీశాను. వత్తి చివర చిన్న ఎర్రచుక్క. నేను చూస్తుండగా అదీ పోయింది. సన్నటి పొగ తీగ నా ముక్కులోకి వచ్చింది. డబ్బా బయట సీసాలో సగం నూనె ఉంది. పళ్లెం పొడిగా ఉంది. వంగి చూస్తే, సీసా మూతి దగ్గర ఒక మందారరేకు అతుక్కుపోయి ఉంది. నూనె దిగకుండా బిరడాలా బిగిసింది. గాలికి, వేడికి, పొగకి, నూనె బద్ధకానికి అన్నిటికీ ఏర్పాటు చేశాను. పూజ చేసే మనిషి పూలు వేస్తుందని మాత్రం అనుకోలేదు.

వెనక్కి తిరిగి చూశాను. మా ఆవిడ వీపు కనిపిస్తోంది. ఊపిరి నిదానంగా ఉంది.

లేపి చెప్పడం న్యాయం. చెబితే ఏమవుతుందో తెలుసు. మా అత్త కుంది వచ్చే ఏడాది నుంచి మామూలు దీపం అయిపోతుంది. మా అమ్మాయి ఏమీ అనదు, ఒప్పందం ప్రకారం అంటుంది. మా ఆవిడ కూడా ఏమీ అనదు. ఆవిడ ఏమీ అనకుండా తడిగుడ్డతో పటం తుడుస్తూ కూర్చోవడం ఒకసారి చూశాను, చాలు. రేకు లాగేశాను. నూనె గుటగుటమని దిగింది. అగ్గిపెట్టె తీశాను. డాకులో గాలివానలో కూడా ఒక్క పుల్లతో వెలిగించేవాణ్ణి. ఇక్కడ రెండు పుల్లలు పాడయ్యాయి. మూడోదానితో వెలిగింది. కాలిన పుల్లలు జేబులో వేసుకుని, కాళ్ల చప్పుడు కాకుండా కిందికి దిగి, సందు చివర టీకొట్టు దాకా వెళ్లి కూర్చున్నాను.

నవమి వెళ్లింది. దశమి నాడు మా అమ్మాయి వచ్చింది. దాదాని పిలిపించింది. దాదా గొంతు సవరించుకుని, తాను చూసినప్పుడల్లా దీపం వెలుగుతూనే ఉందని బద్రీ పిట్టల మీద ప్రమాణం చేశాడు.

"బాబా, ఒక్కసారి కూడా కొండెక్కలేదా?"

"ఒక్కసారి కూడా" అన్నాను, డబ్బాకేసి చూస్తూ.

"మా?"

మా ఆవిడ నిబ్బరంగా, "నా దీపం కొండెక్కలేదు" అంది.

అమ్మాయి తల్లి ముఖం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్ల కింద నలుపు లేదు. "సరే, ఓడిపోయాను. వచ్చే ఏడాదీ పెట్టుకో" అంది. మా ఆవిడ వెళ్లి డబ్బాకి కుంకుమబొట్టు పెట్టింది. మందారరేకు సంగతి చెప్పేద్దామా అనిపించింది. కానీ గెలిచినవాడు నోరు విప్పకూడదని ఊరుకున్నాను.

ఇదీ జరిగింది. కలకత్తాలో గాలి ఆర్పలేని దీపం అని మొదట రాశాను. గాలి ఆర్పలేదు, పువ్వు ఆర్పింది. కాబట్టి అది పూర్తి అబద్ధం కాదు. ఏకబిగిన అన్నది అబద్ధం. మనిషి చెయ్యి పడకుండా అన్నదీ అబద్ధం. ఒప్పుకుంటున్నాను.

ఇంతవరకు రాసి, ఈ ఉదయం మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడకి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. ఇక్కడ హిందీ బడిలో నాలుగు తరగతులు చదివింది. చదవకపోయినా పోయేది. కానీ దసరా మళ్లీ వస్తోంది, డబ్బా దించి తోముతున్నాను, ఆ అగ్గిపుల్లలు ఇంకా జేబులో గుచ్చుకుంటున్నట్టే ఉన్నాయి. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని పొటోల్ కాయలు, దొండకాయల్లాంటివే కాస్త పెద్దవి, గీరుతోంది. లాంతరు పాడుచేసిన చోట మూతి ముడిచింది. కాళీపూజ దగ్గర నవ్వింది. అగ్గిపుల్లల దగ్గరికి వచ్చాక చెయ్యి ఆపింది. నేను దశమి దాకా గబగబా చదివేసి, తిట్ల కోసం తల వంచుకున్నాను.

"ఒకటి తప్పు రాసినావు" అంది.

"ఏటది?"

"నాను తొంగున్నానని రాసినావు. తొంగోనేదు. ఆ ఢాకులకి ఎవులికి నిద్దరొస్తాది? మూడు పుల్లలు గీసినావు. ఇన్నాను."

కాగితాలు కింద పెట్టాను.

"మరి పిల్ల అడిగితే దీపం కొండెక్కనేదని సెప్పినావు?"

"నా దీపం కొండెక్కనేదు. మేకుకి లాంతరుండీది కాదేటి? పాడ్యమి నాడు నువ్వు ఫోటో సూపించడానికి కిందికెల్లినప్పుడు, గూట్లో దీపంలోంచే ఎలిగించినాను దాన్ని. తోడుదీపం. ఒకటి కొండెక్కినా రెండోది ఉంటే అఖండమే. మా అమ్మా ఎట్టీది."

"మరి ఇన్నేళ్లూ కూకుని కాపలా ఎందుక్కాసినావు?"

"అప్పుడు రెండూ గాజు నేని దీపాలే. గాలొస్తే రెండూ పోయీవి. లాంతరెడదావంటే అది మసికొట్టుకుపోయి, ఎలిగించిన గంటకే పొగేసీది. అటకెక్కించీసినాం." పొటోల్ కాయ తిప్పి రెండోవైపు గీరింది. "నువ్వు టీ తాగడానికి పోగానే లేచినాను. నీ అగ్గిపుల్ల మంట ఊదీసినాను. లాంతర్లోంచి ఒత్తితో తెచ్చి ఎలిగించినాను."

"నోటితో ఊదీసినావా? దీపం ఊదకూడదని నన్ను తిడతావు కదే!"

"దీపమైతే ఊదకూడదు. అది దీపమేటి? దొంగమంట."

నాకు ఆ గురక గుర్తొచ్చింది. "అయితే మూడో రోజు నుంచి అంత నిద్దరెలా పోయినావు? నా బర్నరు మీద నమ్మకం ఉండబట్టి కాదా?"

"నీ డబ్బానెవులు నమ్మీరు మావా! పక్కన లాంతరుంది కాబట్టి తొంగున్నాను. తొమ్మిది రోజులూ పొగ నేదు, ఊగనేదు, నూనె పోస్తే సాలు. అంత బాగా తుడిచిచ్చినావు." గీరిన కాయలు గిన్నెలో వేసి, కత్తిపీట మడిచి, నా కాగితాలకేసి చేత్తో చూపించింది. "లాంతరు శుబ్బరంగా తుడిచినాడు అని రాయి. మిగతాదంతా కొట్టీయ్."